కరివేపాకు ముఠా

“ఈ భూమ్మీద నేరస్థులు రెండే రకాలు. పట్టుబడ్డవాళ్ళు ఒక రకం. ఇంకా ఈ ఏసోబు కంటబడనివాళ్ళు రెండో రకం!”

ఈ మాట అన్నది ఏసోబే. తన గురించి ఇంత గొప్ప మాట ఇంకొకరెవరైనా అనేదాకా ఆగే ఓపిక అతనికి లేదు. మద్దులవారిపాలెం చర్చి ఆవరణలో, పుస్తకాల గది గుమ్మానికి అడ్డంగా, నల్ల రెయిన్‌కోటు గొంతుదాకా బొత్తాలు పెట్టుకుని నిలబడ్డాడు. అది మార్చి నెల. గుంటూరు జిల్లాలో మార్చి అంటే మనుషులూ మిరపకాయలూ ఒకే ఎండకి ఎండే నెల. అపరాధ పరిశోధకుడన్నాక పొడుగు కోటు ఉండి తీరాలని ఏసోబు నమ్మకం. బ్రాడీపేటలో కొట్లన్నీ గాలిస్తే ఆ పొడుగున దొరికింది రెయిన్‌కోటు ఒక్కటే.

“బావా, ముందా కోటు విప్పు. చెమటకి తడిసి ముద్దయ్యావు,” అంది స్తుతి.

“ఇది చెమట కాదు స్తుతీ. మెదడు గట్టిగా పనిచేస్తే ఇలాగే ఆవిరి పడుతుంది.”

స్తుతి నెత్తి కొట్టుకుంది. స్వయానా అక్క మొగుడు, పొమ్మనడానికి నోరు రాదు. ఏసోబుకి ఊళ్ళో ఓ జెరాక్స్ కొట్టుంది. దాని బోర్డు మీద ‘ఏసోబు, ప్రైవేటు అపరాధ పరిశోధకుడు. ఆధార్ కార్డు జెరాక్స్ కూడా తీయబడును’ అని ఉంటుంది. ఇప్పటిదాకా చేపట్టిన కేసుల్లోకెల్లా పెద్దది టీకొట్టు పేరయ్య కోడిపుంజు మాయమవడం. ఊరంతా గాలించి, ఆకలేసి ఇంటికెళ్ళి, కోడికూరతో కడుపారా భోంచేసి, ‘హతుడి ఆచూకీ తెలియరాలేదు’ అంటూ కేసు మూసేశాడు. ఆ పూట ఇంట్లో కోడికూర ఎక్కణ్ణించి వచ్చిందన్న అనుమానం అతనికి ఈనాటికీ రాలేదు.

అలాంటివాడి చేతిలో తన గది భవిష్యత్తు పడినందుకు స్తుతికి ఏడుపొచ్చినంత పనైంది. ఆ గదిలోని పుస్తకాలన్నీ నతానియేలు మాస్టారివి. ఆయన బతికినన్నాళ్ళూ గుంటూరులో పాఠాలు చెప్పి, వచ్చిన జీతంలో సగం పాతపుస్తకాల కొట్లకే ధారపోసి, పోతూ పోతూ ఆ పెట్టెలన్నీ పుట్టిన ఊరి చర్చికి రాసిచ్చారు. ఆయనకి ఇది కావాలి, అది వద్దు అని లేదు. కవిత్వం పక్కన దయ్యాల కథలు, వాటి పక్కన అమరావతి స్తూపం చరిత్ర, దాన్ని ఆనుకుని గుర్రాలకొచ్చే జబ్బులు, ఆపైన గ్రహాంతర యాత్రల నవలలు. స్తుతి పగలంతా బడిలో పిల్లలకి చదువు చెప్పి, సాయంత్రం ఈ గది తెరుచుకుని కూర్చుంటుంది. ఆ పుస్తకాలంటే ఆమెకి ప్రాణం. ఊరికి మాత్రం ఆ గదంటూ ఒకటుందన్న సంగతే గుర్తున్నట్టు లేదు. సాయంత్రం పూట పిల్లి కూడా వచ్చేది కాదు.

సంఘ పెద్ద జయపాల్ గారు ఇదంతా గమనిస్తూనే ఉన్నారు.

“ఎవరూ చదవని పుస్తకాలకి గదెందుకమ్మాయ్? తాళం వేసేసి పెళ్ళిళ్ళ కుర్చీలు పెట్టుకుంటే సంఘానికి ఉపయోగం. ఆదివారం ఆరాధన అయ్యాక తీర్మానం చేసేద్దాం,” అని ఖరాఖండిగా చెప్పేశారు.

గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు, అప్పటికే నెలరోజులుగా పుస్తకాలు మాయమవుతున్నాయి. పొద్దున ఉన్నది సాయంత్రానికి ఉండదు. నాలుగు రోజులకి మళ్ళీ అదే చోట ప్రత్యక్షమవుతుంది. కాకపోతే వచ్చేటప్పుడు వట్టిగా రాదు, లోపల ఏదో ఒకటి పెట్టుకుని వస్తుంది. ‘శని చుట్టూ సరోజ’ అనే గ్రహాంతర యాత్ర నవల రెండో భాగం మాత్రం వెళ్ళింది వెళ్ళినట్టే, తిరిగి రాలేదు. దొంగలు పడుతున్నారని తెలిస్తే జయపాల్ గారు ఆదివారం దాకా కూడా ఆగరు. దొంగెవరో ఈలోగా తేలాలి. తేలకపోతే గది పోతుంది.

“సాక్ష్యాలు చూపించు!” అన్నాడు ఏసోబు, పెద్ద పోలీసాఫీసర్ లాగా చెయ్యి చాచి.

స్తుతి చూపించింది. దయ్యాల కథల పుస్తకంలో కరివేపాకు రెబ్బ. మబ్బుల మీద రాసిన కవితల పుస్తకంలో రెండు ఎండుమిరపకాయలు. అమరావతి స్తూపం చరిత్రలో కాగితం చుట్టిన బెల్లం ముక్క. ఏసోబు ఒక్కోటీ వాసన చూసి, బెల్లం రుచి కూడా చూసి, కళ్ళు చికిలించాడు.

“స్తుతీ, తలుపు వెయ్యి. ఇది మామూలు దొంగతనం కాదు. ఇవి హెచ్చరికలు! కరివేపాకు అంటే ఏంటి? కూరలో కరివేపాకులా ఏరి పారేస్తాం అని. ఎవర్ని? నన్ను!”

“నువ్వీ కేసులోకి రాకముందే వచ్చింది బావా ఆ కరివేపాకు.”

“వస్తానని ముందే పసిగట్టారన్నమాట. చూశావా ఎంత తెలివైన ముఠానో! మిరపకాయలంటే కంట్లో కారం కొడతాం అని. ఇక బెల్లం. బెల్లం ఉన్నచోటికే చీమలు చేరతాయి. ఆ బెల్లం ఎందులో ఉంది? స్తూపం పుస్తకంలో. అంటే ముఠా మొత్తం అమరావతి స్తూపం దగ్గర సమావేశం కాబోతోంది!”

“మరి బెల్లం నువ్వు తినేశావుగా?”

“సాక్ష్యాన్ని భద్రపరిచాను,” అన్నాడు ఏసోబు మూతి తుడుచుకుంటూ.

ఆ తర్వాత విచారణ. ముందుగా పేరయ్య టీకొట్టు. ఏసోబు బల్ల మీద గుద్దాడు. గ్లాసులన్నీ ఎగిరిపడ్డాయి.

“పేరయ్యా! నిజం చెప్పు. చర్చి పుస్తకాలు దొంగిలించిందెవరు?”

“పుస్తకాలా? మనూళ్ళో దొంగతనమా? ఛఛ! అట్టాంటోళ్ళు మనకాడ లేరు. అదట్టా ఉంచి, నా పుంజు సంగతేం చేశావయ్యా?”

“ప్రశ్నలు నేనడుగుతాను!” అంటూ ఏసోబు అక్కణ్ణించి గబగబా నడిచాడు.

చర్చి గోడ పక్కనే వెంకటరావమ్మ కల్లం. నేలంతా ఎర్రటి మిరపకాయలు పరిచి ఉన్నాయి. పందిరి కింద ఆడవాళ్ళు వలయంగా కూర్చుని కాయల తొడిమలు తీస్తున్నారు. ఏసోబు నల్లకోటుతో దిగబడేసరికి అందరూ పని ఆపేశారు.

“ఏవయ్యా ఏసోబూ, వానొస్తదా ఏంది? కాయల మీద పట్టాలు కప్పమంటావా?” అంది వెంకటరావమ్మ కంగారుగా ఆకాశం చూస్తూ.

“ఏం రాదులే అత్తా, మా బావ ముచ్చటది,” అంది స్తుతి.

“మీలో పుస్తకాలు దొంగిలించిన వాళ్ళెవరు?” అని గద్దించాడు ఏసోబు.

“దొంగతనమా? అమ్మమ్మ! మేమా?” అని అందరూ ఒక్కసారే లెంపలేసుకున్నారు. ఆ మొహాల్లో కల్మషం లేదని స్తుతికి కూడా తెలుస్తూనే ఉంది.

“అది కాదయ్యా, పుస్తకాలంటే...” అని వెంకటరావమ్మ ఏదో చెప్పబోయింది.

“అనవసరమైన మాటలొద్దు! అడిగిందానికే జవాబు. దొంగిలించారా, లేదా?”

“లేదు.”

“అంతే చాలు!” అన్నాడు ఏసోబు గిరుక్కున వెనక్కి తిరుగుతూ. ఆవిడ నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది.

శుక్రవారం సాయంత్రానికి కేసు ఒక్క అడుగు కూడా ముందుకి పడలేదు. స్తుతి అలమరలో పుస్తకాల వీపులు తడుముతూ నిలబడింది. చిన్నప్పుడు మాస్టారు గుంటూరు నుంచి వచ్చినప్పుడల్లా ఆమె చేతిలో పెట్టిన పుస్తకాలే ఇవన్నీ. ఇవి కుర్చీల కింద పడి చెదలు పట్టడం తలుచుకుంటే ఆమెకి ముద్ద దిగలేదు.

శనివారం బడి ఒంటిపూట. మధ్యాహ్నానికల్లా ఏసోబు ఒక పొట్లంతో దిగాడు.

“వల! గుర్రాలకొచ్చే జబ్బుల పుస్తకం తీసి బల్ల మీద పెట్టు. ఎవరూ చదవని పుస్తకం ఎత్తుకెళ్ళేవాడే అసలైన దొంగ. దీని అట్ట మీద పొడి చల్లుతాం. దొంగ ముట్టుకోగానే రంగు చేతికి అంటుకుంటుంది.”

“ఏం పొడి?”

“మర పట్టించిన కారం.”

“బావా, మనూళ్ళో ఈ నెలలో చేతులు ఎర్రగా లేనిదెవరికి?”

ఏసోబు ఒక్క క్షణం ఆలోచించాడు. “అందుకే అన్నాను, ఈ ఊరు ఊరంతా అనుమానితులే,” అని గుప్పెళ్ళతో కారం తీసి అట్ట మీద దట్టంగా చల్లాడు. చల్లిన చేతుల్ని కోటుకి తుడుచుకుని అలమర వెనక దూరాడు. స్తుతి తలుపు చాటున నిలబడింది.

కాసేపటికి గుమ్మం దగ్గర అడుగుల చప్పుడైంది. స్తుతి సందులోంచి చూస్తే వెంకటరావమ్మ! గోడ మేకుకి తగిలించే తాళంచెవి కూడా ఆవిడకి అలవాటే కాబోలు, తిన్నగా లోపలికొచ్చి, తనలో తనే నవ్వుకుంటూ, కొంగుచాటు నుంచి ఒక పుస్తకం తీసింది. అలమర వెనక ఏసోబుకి చెమట కళ్ళల్లోకి దిగింది. రెయిన్‌కోటు చేతులు చెమట పీల్చవు గనక, రెండు అరిచేతులతో కళ్ళు గట్టిగా తుడుచుకున్నాడు.

“ఓర్నాయనోయ్! చచ్చాన్రోయ్! నా కళ్ళు!”

ఆ కేక కల్లాలు దాటి పత్తిచేలల్లోకి వెళ్ళింది. కళ్ళు కనపడక ఏసోబు అలమరని కావలించుకున్నాడు. అలమర అతన్ని కావలించుకుంది. ఇద్దరూ కలిసి నేలకొచ్చారు. కవిత్వం వీపు మీద, చరిత్ర నెత్తి మీద, దయ్యాలు కాళ్ళ మీద పడ్డాయి. అతను జీవితంలో మొదటిసారి అన్ని రకాల సాహిత్యంతో పరిచయం చేసుకున్నది ఆ రోజే.

వెంకటరావమ్మ గావుకేక పెట్టింది. తొడిమలు తీస్తున్నవాళ్ళు పరిగెత్తుకొచ్చారు. ఎదురింట్లోంచి జయపాల్ గారి భార్య రెబ్కమ్మ పెరుగు గిన్నెతో ఉరికొచ్చింది. ఆవిడ వెనకాలే జయపాల్ గారు, భోంచేస్తున్న చెయ్యి కడుక్కోకుండానే.

“కదలకయ్యా, మంట తగ్గుద్ది,” అంటూ వెంకటరావమ్మ గిన్నెడు పెరుగూ ఏసోబు మొహానికి పులిమింది. మిగతావాళ్ళు అలమర లేపి నిలబెట్టి, పుస్తకాలెత్తి పక్కన పెట్టారు. ఏసోబుకి ఏమీ కనపడడం లేదు. కనపడకపోయినా, ఇంతమంది పోగయ్యారంటే ఏదో ఒకటి తేల్చెయ్యాల్సిన సమయం వచ్చిందని మాత్రం అర్థమైంది. పెరుగు కారుతున్న మొహంతో లేచి నిలబడి, గాల్లోకి వేలు చాపాడు.

“ఇక నాటకం చాలు! నాకు మొదట్నించీ తెలుసు. దొంగవి నువ్వే!”

వేలు ఎటు వెళ్ళిందో అతనికి తెలియదు. ఆ వేలు చివర నిలబడ్డది జయపాల్ గారు.

‘అయిపోయింది. సంఘ పెద్దనే దొంగన్నాడు. గది ఇప్పుడే పోతుంది,’ అని స్తుతి కళ్ళు మూసుకుంది. జయపాల్ గారి మొహం తెల్లబోయింది. మెతుకులంటిన చెయ్యి అలాగే గాల్లో ఆగిపోయింది.

“ఏసోబూ... ఇచ్చేద్దామనేనయ్యా తీసుకున్నాను. ఒట్టు. ఇంకొక్క పది పేజీలున్నాయి,” అన్నారు నీరసంగా.

“ఏంటండీ?” అంది స్తుతి.

“అదేనమ్మాయ్, సరోజ. కుర్చీలు ఎన్ని పడతాయో కొలుద్దామని ఆ రోజు గదిలోకొచ్చాను. ఊరికే తెరిచాను. ఆ పిల్ల శని గ్రహం చుట్టూ ఒంటరిగా తిరుగుతోంది, ఇంధనం అయిపోవచ్చింది. మధ్యలో ఎట్లా వదిలేసి రమ్మంటావు?”

“దిండు కింద పెట్టుకుని చదివేది అదా?” అని అరిచింది రెబ్కమ్మ. “ప్రసంగాల పుస్తకమన్నారు! తెల్లారుజామున ముక్కు చీదుకుంటుంటే, పాపం సంఘం కోసం కన్నీటి ప్రార్థన చేస్తున్నారనుకున్నా!”

ఆ మాట పూర్తవకముందే వెంకటరావమ్మ నడుం మీద చేతులేసుకుంది. “రెండో భాగం నీకాడుందా జయపాలూ? నెల నుంచి ఎదురుచూస్తన్నాం! మొదటి భాగం నేనే రెండుసార్లు చదివా. ఆ పిల్ల ఇంటికి చేరిందో లేదో తెలీక తొడిమలు తీసే పని కూడా సాగట్లేదు!”

“ఆ పిల్ల చేరదు అంటది మా కోడలు. చేరుద్ది అంటా నేను,” అంది ఇంకొకావిడ. దాంతో చేరుతుంది, చేరదు అని రెండు జట్లు తయారయ్యాయి. చర్చి ఆవరణ సంతలా మారింది.

స్తుతికి అప్పుడు వెలిగింది. “అత్తా, ఈ పుస్తకాలన్నీ తీసుకెళ్ళేది మీరేనా?”

“మరింకెవరమ్మా? మాకు పని మధ్యాన్నం అన్నాలకే ఆగేది. నువ్వు సాయంత్రం తెరిస్తివి. అప్పటికి మేం పొయ్యికాడుంటాం. అందుకని చేబదులు తీసుకుంటన్నాం. మీరెవరూ ఇంట్లో లేకపోయినా గ్లాసుడు పంచదార తీసుకుపోనా? అట్టాగే. కాయల కాడ ఒకళ్ళు చదువుతారు, మిగతావాళ్ళం తొడిమలు తీస్తా ఇంటాం.”

“మరి నిన్న మా బావ అడిగితే ఎవరూ తియ్యలేదన్నారు?”

“దొంగతనం చేశారా అన్నాడు. చెయ్యలేదన్నాం. తీసుకున్నారా అంటే తీసుకున్నామనేవాళ్ళమే. చెప్పబోతే నోరుముయ్యమన్నాడు.”

ఈలోగా పెరుగు గిన్నె కడిగి స్తుతి రెబ్కమ్మ చేతికివ్వబోయింది. వెంకటరావమ్మ మధ్యలో లాక్కుంది. “ఖాళీ గిన్నె ఇస్తారా తల్లీ ఎక్కడన్నా?” అంటూ ఒడిలోంచి గుప్పెడు ఎండుమిరపకాయలు అందులో పోసి ఇచ్చింది. ఆ చేత్తోనే, తాను తెచ్చిన సరోజ మొదటి భాగం మధ్యలో ఓ కనకాంబరాల పాయ పెట్టి అలమరలో సర్దింది.

స్తుతి ఆ గిన్నెనీ ఆ పుస్తకాన్నీ మార్చి మార్చి చూసింది. గిన్నె అయినా పుస్తకం అయినా ఒకటే. పొరుగింటి వస్తువు వట్టిచేతులతో వెనక్కి వెళ్ళకూడదు. ఇరవై ఏళ్ళుగా తమ ఇంట్లో గిన్నెలన్నీ ఇలాగే నిండుగా వెళ్ళి నిండుగా వస్తున్నాయి. తనకే తట్టలేదు. ఆమెకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

“అయితే కరివేపాకు?” అని అడిగాడు ఏసోబు, పెరుగు లోపల్నుంచి.

“ఆ రోజు దొడ్లో అదే ఉందయ్యా,” అంది ఒకావిడ.

“కవితల పుస్తకంలో మిరపకాయలు?”

“అది నేనే,” అంది వెంకటరావమ్మ. “ఆ కవిగారు మబ్బుల్ని చూసి నాట్యమాడాడు చూడు, ఒళ్ళు మండిపోయింది. కల్లంలో కాయలున్నప్పుడు మబ్బు పడితే తెలిసేది ఆయనకి! అయినా బాగా రాశాడనుకో. ఆఖరి పాటకి మా అందరికీ కళ్ళెంట నీళ్ళొచ్చినయి. అదేదో పెట్టాలనిపించి, చేతిలో ఉన్నయి పెట్టా.”

“స్తూపం పుస్తకం నాకు నచ్చింది. ఆ రాతి బొమ్మల్లో ఆడోళ్ళ దండకడియాలు మా నాయనమ్మ వేసుకునేవి,” అంది మరొకావిడ. “గుర్రాల జబ్బులు మాత్రం చదవలేకపోయాం. ఒక గుర్రం చచ్చిపోయిద్ది.”

ఏసోబు మొహం తుడుచుకుని, రెయిన్‌కోటు సర్దుకుని, అందరికేసి ఠీవిగా తిరిగాడు. ఒక కన్ను మాత్రమే తెరుచుకుంది. “కేసు ముగిసింది! నేను పన్నిన వలలో అసలు వ్యక్తి చిక్కాడు. నా కళ్ళు పణంగా పెట్టి...”

“కూర్చో బావా,” అంది స్తుతి. కూర్చున్నాడు.

ఇక మిగిలింది ఒక్కటే మాట. స్తుతి జయపాల్ గారివైపు తిరిగింది. “అంకుల్, మరి రేపటి తీర్మానం?”

జయపాల్ గారు వినిపించుకోలేదు. రెబ్కమ్మ పరుగున వెళ్ళి దిండు కింది రెండో భాగం పట్టుకొచ్చింది. ఆయన దాన్ని ఎడంచేత్తో తడుముతూ, సిగ్గుపడుతూ, వెంకటరావమ్మని అడిగారు.

“నాకు మొదటి భాగం దొరకలేదు వెంకటరావమ్మా. సగం నుంచి చదివాను. అసలా పిల్ల శనికి ఎందుకెళ్ళింది? ఎవరు పంపారు? తిండి పెట్టెలో ఆవకాయ ఎట్లా వచ్చింది?”

“అట్టా అడుగు! నేను చెప్తా. కానీ ముందు నువ్వు ఆ ఆఖరి పది పేజీలు చదవాలి. ఇప్పుడే. అందరికీ వినపడాలి.”

“ఇప్పుడా? అన్నం సగంలో లేచొచ్చాను.”

“ఆ పిల్ల అక్కడ అన్నం లేకుండా తిరుగుతుంటే నీకు అన్నమా?” అంది వెంకటరావమ్మ.

జయపాల్ గారు చెయ్యి కడుక్కుని, కళ్ళజోడు పెట్టుకుని, ఆదివారం వాక్యం చదివే గొంతుతోనే మొదలుపెట్టారు. సరోజ నౌక శని ఉంగరాల్లోంచి గిర్రున తిరుగుతూ బయటపడుతోంది. ఆడవాళ్ళు గదిలో పుస్తకాల మధ్య కిక్కిరిసి కూర్చున్నారు. చోటు చాలక ఇంకా చాలామంది బయట అరుగు మీద ఉండిపోయారు. టీకొట్టు వదిలేసి పేరయ్య కూడా వచ్చాడు. ఒక్కరూ కదలడం లేదు. నౌక భూమి దగ్గరికొచ్చే ఘట్టంలో జయపాల్ గారు హఠాత్తుగా చదవడం ఆపి, కళ్ళజోడు మీంచి స్తుతికేసి చూశారు.

“కుర్చీలు మా పశువుల కొట్టంలో పడేస్తాంలే,” అన్నారు. “ముందా తలుపు బార్లా తెరువమ్మాయ్. వెనక వాళ్ళకి వినపడట్లేదంట.”

స్తుతి రెండు రెక్కలూ తెరిచి, ఇంకెవరూ మూయకుండా ఏసోబుని వాటికి అడ్డంగా కూర్చోబెట్టింది.